మేమేమీ కొనలేదు

ఎండలు ముదిరిన రోజుల్లో మా చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, బోరు మోటారు కాలిపోయింది. చెట్ల మీద పిందె అప్పటికే రాలుతోంది. ఇంకొక్క తడి తప్పితే ఈ ఏడు కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. వైండింగు చేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్తది తెచ్చుకోండి అని చేతులు దులుపుకున్నాడు.

తోట శింగనమల దగ్గర. నేను పాఠాలు చెప్పే బడి బుక్కరాయసముద్రంలో. శనివారం సెలవు కావడంతో పొద్దున్నే స్కూటరు మీద అనంతపురం బయల్దేరాను. దారిలో పెట్రోలు, ఊళ్లోకి రాగానే నాయనకు బీపీ మాత్రలు, ఆ తర్వాత బోరుకు కేబులు. అన్నిటికీ కార్డే గీకాను. లోకమంతా ఫోనుతో దుడ్లు కడుతోంది గానీ నాకు ఆ భాగ్యం లేదు. ఖాతా తెరిచిన రోజుల్లో మా ఇంట్లో ఫోను నాయన ఒక్కడికే ఉండేది, ఆ నంబరే ఇచ్చాను. మార్చుకుందామని ఎప్పుడు వెళ్లినా బ్యాంకులో ఆ వరస చూసి వెనక్కి వచ్చేదాన్ని.

మోటారు అంగడిలో కార్డు పనిచేయలేదు. తుడిచి పెట్టినా అంతే.

"ఇంకో కార్డు ఉండాదా మ్మా?" అన్నాడు అంగడాయన.

ఇంకో కార్డు ఉండే ముఖమేనా నాది? అంతలో నాయన ఫోను చేశాడు. గొంతులో మంచి హుషారు.

"పాపా, ఇప్పుడొకడు బ్యాంకు నుంచని చేసినాడు. అనంతపురంలో మోటారు కొంటాండారా అని అడిగినాడు. మేమేమీ కొనలేదు, పెట్టు ఫోను అని గట్టిగా చెప్పినా."

"అదేంది నాయనా, నేను మోటారుకే కదా వచ్చింది?"

"అదే చెప్తాండా. నువ్వు మోటారుకు పోయినావని వానికెట్ల తెలిసె, దొంగ కాకపోతే?"

ఆయన్ను ఏమనగలను? అంతకు ముందు ఒకడు బ్యాంకు ఆఫీసరునని నమ్మించి, నాయన చేతనే ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు చెప్పించుకుని, పంట బీమా దుడ్లు మొత్తం ఊడ్చుకుపోయాడు. అప్పటి నుంచి ఆయన మనిషి కాలేకపోయాడు. ఫోను మోగితే చాలు, ఎత్తకుండా నాకోసం కేకేసేవాడు. పక్కన కూర్చుని, ఇట్ల అడిగితే ఇట్ల చెప్పమని నేనే నేర్పించాను. ఇన్నాళ్లకు దొంగను పట్టేశానన్న సంబరంలో ఉన్నాడు.

బ్యాంకు సహాయ నంబరుకు చేశాను. ఈ మీట నొక్కు, ఆ మీట నొక్కు, సంగీతం విను. చివరికి ఒకమ్మాయి పలికింది. నెలంతా సరుకులు తప్ప ఏమీ కొనని కార్డు ఒక్కపూటలో ఇన్నిచోట్ల తిరిగితే మాకు అనుమానం వచ్చింది, పైగా ఇంటివాళ్లే కొనలేదన్నారు, అందుకే కార్డునూ ఖాతానూ ఆపేశాం, శాఖకు వెళ్లండి అంది. మా దుడ్లు పోయిన రోజు ఈ అనుమానం ఎక్కడ నిద్రపోయిందో అడుగుదామనుకున్నాను. ఓపిక లేక పెట్టేశాను. రెండో శనివారం, శాఖ తెరిచేది మళ్లీ సోమవారమే.

చేతిలో ఉన్న నగదు పెట్టి ఆదివారం ట్యాంకరు తెప్పించాం. ఆ నీళ్లు ఏ మూలకూ రాలేదు. బ్యాంకువాళ్లు మళ్లీ ఆ నంబరుకే చేసి అడుగుతారు కాబట్టి నాయనకు సంగతి చెప్పక తప్పలేదు. వచ్చింది నిజం ఫోనే అన్నాను. "అట్లనా" అని పార తీసుకుని చెట్ల మధ్యకు వెళ్లిపోయాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

సోమవారం బ్యాంకు ఆఫీసరు నా ఎదురుగానే నాయనకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. మోటారు మీవాళ్లే కొంటున్నారా అని అడిగాడు.

"మా పాపకియ్యి ఫోను" అన్నాడు నాయన.

"నేనే నాయనా. కొంటాండామని చెప్పు."

"నువ్వేనని నాకెట్ల తెలుస్తాది?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన వేళాకోళానికి అనలేదు, నిజంగానే భయపడుతున్నాడు.

"పొద్దున నీ క్యారేజీలో ఏం పెట్టినా?" అన్నాడు.

"కొర్రన్నం, ఊరిబిండి పచ్చడి. నంజుకోను ఎర్రగడ్డ కూడా పెట్టినావు."

"కొంటాండాము సార్" అన్నాడు, చాలా చిన్నగా.

సాయంత్రానికి బోరులోకి మోటారు దిగింది. నీళ్లు పారాయి, ముందు ఎర్రగా, తర్వాత తేటగా. నాయన కాలవ పక్కన నిలబడి నీళ్లనే చూస్తున్నాడు. పంట దక్కిందన్న సంతోషం ఆయనలో ఎంత వెతికినా కనపడలేదు. నేను దగ్గరికి వెళితే పక్కకు తిరిగాడు.

"కన్నబిడ్డవు, నిన్ను గూడా నువ్వెవరని అడిగినా కదా పాపా" అన్నాడు.