దొర నోటి కంపు, నా సాక్ష్యం

నా కోపం ఇప్పటివరకు మా ఇంట్లో రెండు కుండల్ని, ఒక గొడుగుని, మా ఆయన కళ్ళజోడుని మింగింది. ఆ నష్టాలన్నీ ఏదోలా పూడాయి. నాలుగేళ్ళ కిందట మాత్రం అది నా పరువుని మింగింది. అదీ నలుగురిలో, ప్రార్థన కూడికలో, ఒక కుక్కపిల్ల నోటి కంపు మూలంగా. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, సింగారించి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా తమ్ముడు గరివిడి నుంచి కుక్కపిల్లని గంపలో పెట్టుకొచ్చి నా ఒళ్ళో పడేసి పోయాడు. నల్లటి ఒళ్ళు, మెడకి తెల్లటి పట్టీ. దొరలా ఉన్నాడని దొర అనే పిలిచాం. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. ఆ తరవాత మొదలైందండీ కంపు. వాడు ఆవులిస్తే ఎండాకాలం చేపల సంతలో గంప మూత తీసినట్టే.

మా ఆయన నోట మాట రావడమంటే వేసవిలో వాన రావడమే. అలాంటి మనిషి ఒక రోజు పొద్దున్నే ముక్కు పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు. దొర ఆయన ముఖం మీద ఊపిరి వదిలాడు లెండి.

"ఆదివారం కూడిక మనింట్లో," అన్నాడు. "ఈడు ఒక్కసారి ఆవులించినాడంటే పాస్టరు అయ్యగారి ప్రార్థన సగంలో ఆగిపోతాది. అప్పటికి కంపు పోకపోతే మీ తమ్ముడికి తిరిగిచ్చీ."

దొర నా కాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా పడుకోడు. వాణ్ణి ఇచ్చెయ్యమంటే ఆ కాళ్ళలో ఒకటి తీసి ఇమ్మన్నట్టే. అందుకని నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో ఇంకా తెలీదు. నాకు కోపం ముందొస్తుంది, మనిషిని తరవాత వెతుక్కుంటాను.

పెంటికలు తింటున్నాడేమోనని మేకలవాణ్ణి తిట్టాను. మురుగు తాగుతున్నాడేమోనని కాలవని తిట్టాను. కాలవ తిరిగి ఒక్క మాటా అనలేదు, దాంతో కోపం రెట్టింపయింది. అప్పుడు నా చూపు గోడ అవతల పడింది. మా మరిది భార్య మరియమ్మ చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. కుక్కపిల్లకి అదొక లెక్కా?

"ఒలే మరియా, నా కుక్కకి చేపలు పెడతన్నావా?"

"మీ మరిదికే సరిపోటం నేదక్క. నీ కుక్కకేటి పెడతాను?"

ఆ మాటలో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు అందులో అబద్ధం, పొగరు, ఎగతాళి మూడూ వినిపించాయి.

శుక్రవారం వైద్యం మొదలుపెట్టాను. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి, దొరని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గుడ్డతో పళ్ళు తోమాను. బొగ్గు వాడి నోట్లోకి పోయిందానికంటే నా ముఖానికి పట్టిందే ఎక్కువ. ఇల్లలకగానే పండగ కాదు సరే, పళ్ళు తోమగానే కంపూ పోదు. గుడ్డ తీసి చూద్దును కదా, దాని మీద ఎర్రటి చార, ఆ చార మధ్య బియ్యపు గింజంత పన్ను.

నేనే ఊడగొట్టానా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు, వదిలేశాను. వాడి నోరు తెరిచి చూశాను. ఇంకో పన్ను కదులుతోంది, చిగుళ్ళు వాచి ఉన్నాయి. ఇంకేముంది, కేసు తేలిపోయింది. చేప ఎత్తుకుపోయాడని మరియమ్మ కర్రతో మూతి మీద కొట్టింది. దెబ్బ పుండయింది, పుండు కంపు కొడుతోంది. పన్నుని కొంగున ముడేసుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆలోచించమంటాడు.

ఆదివారం వచ్చింది. కూడికలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఒక్కొక్కరూ లేచి ఆ వారం దేవుడు చేసిన మేలు చెబుతారు. జ్వరం తగ్గిందని ఒకరు, గేదె సుఖంగా ఈనిందని ఒకరు. అందరూ స్తోత్రం అంటారు. నా వంతు వచ్చింది. లేచి కొంగు ముడి విప్పాను.

"నాకు మేలు నేదు అయ్యగారూ, కీడే జరిగింది. ఇదిగో పన్ను. నోరు నేని జీవిని మూతి మీద కొట్టి, ఇక్కడ కూకుని పాటలు పాడతన్నాది మా మరియ."

అలవాటు కొద్దీ వెనకనుంచి ఒక ముసలామె స్తోత్రం అంది.

మరియమ్మ ముఖం పాలిపోయింది. "ఆడి మీద నానెప్పుడూ సెయ్యెత్తనేదక్క," అంది, అంతే. కళ్ళ నిండా నీళ్ళు. అయ్యగారు సర్దిచెప్పబోతే ఆయన్నీ కూర్చోబెట్టాను. మా మరిది లేచి, ఇక ఈ గుమ్మం తొక్కేది లేదు పదమని భార్య చెయ్యి పట్టుకున్నాడు. మా ఆయన తల దించుకున్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ గుమ్మం దాకా పోయి అక్కడే ఆగిపోయారు.

గుమ్మం బయట చెప్పుల గుట్ట మీద దొర పడుకుని అయ్యగారి చెప్పు నములుతున్నాడు. ఆయన పరుగున వచ్చి చెప్పు పట్టుకుని లాగారు. వాడు వదల్లేదు. ఈయన ఇటు, వాడు అటు. చివరికి చెప్పు ఆయన చేతికొచ్చింది. దాని తోలులో దిగబడి ఒక పన్ను కూడా వచ్చింది. దొర కుయ్యిమనలేదు. తోకాడిస్తూ రెండో చెప్పు కోసం చూస్తున్నాడు.

అయ్యగారి భార్య పాస్టరమ్మగారు దొర మూతి ఎత్తి చూసింది. పన్ను ఊడిన చోట కొత్తదాని మొన తెల్లగా పొడుచుకొస్తోంది.

"పాలపళ్ళు రాలతన్నాయి," అంది ఆవిడ. "చిగుళ్ళు పచ్చిగుంటే నోరు కంపు కొడతాది మరి. కొత్తవి వచ్చీసాక అదే పోతాది."

మరియమ్మ కళ్ళు తుడుచుకుంది. చెప్పుని చూసింది, నన్ను చూసింది.

"అయ్యగారి సెప్పులో పన్ను కూడా నానే కొట్టి ఎట్టినానేటక్క?"

ముందు నవ్వింది మా మరిది. తరవాత ఇల్లంతా నవ్వింది. వెనక ముసలామె మళ్ళీ స్తోత్రం అంది. ఈసారి నన్ను చూసే అందని నా అనుమానం.

మీరే చెప్పండి, కుక్కకీ పాలపళ్ళుంటాయని నాకెలా తెలుస్తుంది? వీధికుక్క నోరు తెరిస్తే మనం పరిగెడతామా, నిలబడి పళ్ళు చూస్తామా?

మరియమ్మ నా చేతిలో పన్ను, చెప్పులో పన్ను తీసుకుంది. చిన్నపిల్లల పాలపళ్ళకి చేసినట్టే పేడలో చుట్టి మా ఇంటి కప్పు మీదకి విసిరింది. నా మీదున్న కోపమంతా ఆ విసురులో పెట్టింది కాబోలు, పెంకు పగిలింది. నేను ఆ పెంకు ఊసెత్తలేదు. జీవితంలో మొదటిసారి.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనే నోరు విప్పాడు. "కుక్క ఉంటాది," అన్నాడు. "గరివిడి ఎవులినైనా పంపాలంటే నిన్ను పంపుదుం."

ఒట్టు పెట్టుకోవడం మా సంఘంలో తప్పు. కాబట్టి ఒట్టు కాదు, మాటిస్తున్నాను. ఇకమీదట ఏ జీవి నోరు కంపు కొట్టినా సరే, ముందు నా నోరు మూసుకుంటాను. ఆ తరవాతే దాని నోరు తెరుస్తాను.