అరిగిన షాఫ్టు

ఎండకు ఉడికిపోతున్న బస్సులో, ఒళ్లో పరుచుకున్న డ్రాయింగు మీద కొలతలు సరిచూసుకుంటున్నాను. యంత్రభాగాల బొమ్మలు గీయడమే నా పని. కణేకల్‌లో ఎక్కి పక్కన కూర్చున్న ఒకామె చాలాసేపు చూసి, గోనెసంచిలోంచి పంపులో తిరిగే ఇనుప షాఫ్టు తీసింది.

"ఏమప్పా, దీనికి కొలతలు రాసిస్తావా? లేతు షాపాయన దీన్ని చూసే ఇంకోటి చేసినాడు. అది బేరింగులో నిలబడకుండా ఆడతాండాది. కాలవలో నీళ్లుండాయి, మడి ఎండిపోతాండాది."

విసుగ్గానే అందుకున్నాను. కొస బాగా అరిగిపోయింది. లేతు షాపతను ఆ అరిగిన కొలతే పట్టి కొత్తది చేసినట్టున్నాడు. ఆమె సంచిలోనే ఉన్న కొత్త బేరింగు రంధ్రం నా కొలిచే పరికరంతో కొలిచి, ఒక కాగితం మీద షాఫ్టు బొమ్మ గీసి, దానికి సరిపోయే లావు రాశాను. ఎంత తేడా వరకు ఫరవాలేదో పక్కన చిన్నగా వేశాను. తప్పు మీద తప్పు చేరకుండా పొడవులన్నీ ఒకే కొస నుంచి చూపించాను.

"అరిగింది ఎంతో రాయలేదే?" అంది.

"అది రాయకూడదమ్మా. ఎంత ఉండాల్నో అదే రాయాల."

ఆమె అరిగినచోట బొటనవేలితో నిమిరింది.

"పోయినేడు చనిపోయిన మా ఆయన బిగించిందప్పా ఇది. కొత్తది చేసినాక పాతది షాపాయన పెట్టుకుంటాడా?"

"నీదే కదమ్మా. అడిగి తెచ్చుకో."

తర్వాత వచ్చిన ఊళ్లో లేతు షాపు ముందర బస్సు ఆపించుకుని, కాగితం ఒక చేత, షాఫ్టు ఒక చేత పట్టుకుని దిగిపోయింది.

ఆమె మడి తడిసిందో లేదో తెలియదు. ఇప్పుడు కొలత రాసేటప్పుడు మాత్రం, ఆ వస్తువును అరిగేదాకా వాడేది ఎవరో అని ఒక్క క్షణం ఆగుతాను.