పురుగుల గదిలో ఒక మూల

టీచరు ఉద్యోగం ఉత్తర్వు తేదీ నుంచి ఏడు రోజుల్లోగా బడిలో చేరాలి. చేరకపోతే ఆ చోటు జాబితాలో నా తర్వాతి మనిషికి పోతుంది. 1958 జూలైలో ఆ ఉత్తర్వు చింతామణిలో మా ఇంటికి పోస్టులో వచ్చేసరికే అయిదు రోజులు అయిపోయాయి. అంతకుముందు ఏడాదిన్నరగా చిక్కబళ్ళాపురం ఆఫీసుకు తిరిగాను. బెంచీ మీద కుదురుగా కూర్చోలేక వరండాలో పచార్లు చేసి, "ఇంకా రాలేదమ్మా" అనిపించుకుని వచ్చేదాన్ని.

ఆరో రోజు నాయన, నేను బాగేపల్లి చేరి తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకున్నాం. తెల్లవారకముందే రేకు పెట్టె మోసుకుంటూ బడి ఉన్న పల్లెకు నడక మొదలుపెట్టాం. ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. పదకొండున్నరకు తాళం పడుతుంది. మేము బడి గడప తొక్కేటప్పటికి తొమ్మిదింబావు.

హెడ్మాస్టరు ఉత్తర్వు చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశారు.

"మగ టీచర్ని పంపమని రాసింటిని. ఒంటి ఆడపిల్ల ఈ ఊర్లో యాడుంటాది? ముందు ఇల్లు చూపించమ్మా, ఆమీద సంతకం. రేపు ఏమన్నా అయితే నన్ను గదా అడిగేది!"

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు తీరిక లేదు. వీధిలో పడ్డాను. పెట్టె నెత్తిన పెట్టుకుని నాయన వెనకాలే వచ్చాడు. ఆ ఊళ్ళో బావి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ పట్టుపురుగులు పెంచుతారు. మిగులు గది అంటూ ఉంటే అందులో వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు. ఎక్కడ అడిగినా ఒకటే మాట.

"గది ఉండాదమ్మా. పురుగులు గూళ్ళు కట్టినాక రా."

"ఎప్పుడు కడతాయి?"

"ఇంగ మూడు వారాలు."

"పోదాం పా, బాగేపల్లిలో బస్సు తప్పిపోతాది," అన్నాడు నాయన. నాలుగు ఇళ్ళు తిరిగేలోపు ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో.

ఊరి చివరి ఇంట్లో ఒక నడివయసు వితంతువు మల్బరీ ఆకు తరుగుతోంది. ఆమె కూడా అదే చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు.

"ఆ పురుగుల గదిలోనే నాకొక మూల ఇయ్యమ్మా."

ఆమె కత్తి పక్కన పెట్టి నవ్వింది. "పురుగుల్తో పండుకుంటావా? రాత్రంతా మేస్తాంటాయి. నిద్ర పట్టదు."

"నాకు ఎట్లాగూ పట్టడం లేదు."

"పురుగులకు వాసన పడదు. పౌడరు పూసుకుంటావా?"

"లేదు."

"ఊదొత్తులు ముట్టిస్తావా?"

"ముట్టించను."

ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "బయట చేరినప్పుడు ఆ గది గడప దాటకూడదు. ఆ మూడు దినాలూ పంచలో నా పక్కన పండుకో."

ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్నే. నాయనను, పెట్టెను అక్కడే వదిలి బడికి పరుగెత్తేసరికి పదకొండూ పది. హెడ్మాస్టరు తన కళ్ళతో చూస్తేగాని నమ్మనని, బీడీ వెలిగించి నా వెంట బయలుదేరారు. ఆయన నడక నిదానం. వెనక గంట కొట్టడం, పిల్లలు కేకలేస్తూ పోవడం వినిపించింది. నా కాళ్ళు ఆయన కంటే ముందుకు పోతున్నాయి, మళ్ళీ ఆగుతున్నాయి.

ఆమె గడపకు అడ్డంగా నిలబడి ఉంది.

"బీడీ పారేయప్పా."

ఆయన పారేశారు.

"ఊహూ. నీ వాసన పోలేదు. లోపలికి రావద్దు. పొగ తగిలితే నా పంటంతా పోతాది."

"నేను హెడ్మాస్టర్ని! గది చూడొద్దా?"

"నువ్వు తాలూకా అమల్దారువైనా అంతే. బయటి మగోళ్ళు ఈ గది తొక్కి ఎన్నేండ్లయిందో ఊరినడుగు. నా తమ్ముడే వాకిట్లో కూచొని పోతాడు."

హెడ్మాస్టరు వాకిట్లో నిలబడి మెడ సాచారు. చీకటి గది, తట్టలు, మూలన ఖాళీ చేసిన చాపంత జాగా.  తర్వాత నాయన వైపు తిరిగి, "ఈ ఊర్లో ఆడపిల్లకు ఇంతకంటే గట్టి గది లేదప్పా," అన్నారు.

మళ్ళీ బడి తాళం తీయించి, చేరినట్టు కాగితం రాశారు. అపరాహ్నం అని రాయడం చూసి నేను ఆపాను.

"తొమ్మిదింబావుకే వచ్చినాను సార్. పూర్వాహ్నం."

"ఇల్లు దొరికింది ఇప్పుడు గదమ్మా!"

"ఉత్తర్వులో ఇంటి మాట లేదు సార్."

"సంతకం అవుతాండాది, ఊరుకో," అని నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. అపరాహ్నం చేరితే ఒక రోజు సర్వీసు పోతుందని నాయనకేం తెలుసు!

హెడ్మాస్టరు నన్నొకసారి చూసి, ఆ మాట కొట్టేసి పూర్వాహ్నం అని దిద్దారు. "నీతో ఎట్ల వేగాలో ఏమో," అన్నారు.

దిద్దిన చోట పక్కన పొట్టి సంతకం కూడా పెట్టమన్నాను. పెట్టారు.

ఉద్యోగంలో చేరాను. సోమవారం పొద్దుటిదాకా బడి లేదన్న సంగతి అప్పుడు తట్టింది.