అందరూ ఇస్తామన్న రెండో ఓటు

మనిషిని నిలువునా ముంచాలంటే పెద్ద పార్టీలూ గట్టి ప్రత్యర్థులూ కావాలనుకుంటారు జనం. అక్కర్లేదు. లెక్కలొచ్చిన బామ్మర్ది ఒక్కడు చాలు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో మా బావకి ఆ లోటు లేకుండా చేసినవాణ్ణి నేనే. ఎలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. మా అక్క మాత్రం ఇప్పటికీ నవ్వడం లేదు.

మా బావ సాంబశివరావు గుంటూరులో ఓ ప్రైవేటు కాలేజీలో బోటనీ లెక్చరరు. వేసవి వస్తే అక్కడ జీతాలుండవు. మండలికెళ్ళి ఆ గోడేదో తనే చెబుతానని పట్టభద్రుల స్థానానికి ఇండిపెండెంటుగా దిగాడు. "నిలబడాలంటే ఉద్యోగం మానేసి నిలబడు" అంది యాజమాన్యం. మానేశాడు. ఓడితే ఇల్లు గడవదని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. అయినా బావకి ధైర్యమే, ఎందుకంటే వెనక నేనున్నాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఇక్కడి కసాయివాడు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు కూడా!

ఈ ఎన్నికలో మీట నొక్కడం ఉండదు. కాగితం మీద పేర్ల ఎదుట మన ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. ఎవరికీ సగం దాటి ఒకట్లు రాకపోతే రెండో అంకెలు చూస్తారు. నేను చదివింది అంతవరకే. మిగతాది నా తెలివితో పూరించాను.

ప్రచారం మొదలుపెట్టింది సత్తెనపల్లిలో, బీకాం చదివిన ఓ పత్తి వ్యాపారి దగ్గర.

"మొదటి ఓటు మా వియ్యంకుడు చెప్పిన మనిషికి మాటిచ్చేశానండీ" అంటూ ఆయన చేతులు నలుపుకున్నాడు.

"పోనీ, రెండోది?"

"ఓస్, రెండోదేగా! తీసుకోండి. మా ఇంట్లో అందరివీ తీసుకోండి. కాఫీ తాగి వెళ్ళండి."

నా కళ్ళు తెరుచుకున్నాయి. అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే. తక్కువ అడిగితే మాత్రం ఊరు ఊరంతా పెడుతుంది! మా వైపు మొహమాటం మీకు తెలియనిదా? ఎదురుగా నిలబడి అడిగినవాడికి లేదని చెప్పలేరు. ఆ రోజు నుంచి నేను ఎవర్నీ ఒకటి అడగలేదు. అందరి దగ్గరా రెండే.

అక్క వంటింట్లోంచి అడిగింది: "అందరూ రెండు వేస్తే, మీ బావకి ఒకటి వేసేదెవర్రా?"

"ఒకట్లు ఆ పెద్ద పార్టీలవాళ్ళిద్దరూ పంచుకుంటారక్కా. ఎవరికీ సగం రాదు. అప్పుడు రెండోవి తీస్తారు. అన్నీ మనవే!"

"నాకేదో తేడాగా ఉందిరా."

"నువ్వు బీఏ అక్కా. ఇది లెక్కలు."

ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో మీరే చెప్పండి.

లెక్కింపు రోజున బావ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో వచ్చాడు. ఒకట్ల లెక్క పూర్తయింది. ఎవరికీ సగం రాలేదు. "మనదే బావా!" అని వాటేసుకున్నాను. చొక్కా నలిగింది.

అంతలో అధికారిణి పిలిచింది. "సాంబశివరావుగారూ, మీరిక వెళ్ళొచ్చండి."

"ఎక్కడికండీ?" అన్నాడు బావ.

"ఇంటికండీ. అందరికన్నా తక్కువ ఒకట్లు మీవే. మిమ్మల్ని తీసేశాం."

"రెండోవి ఇంకా తీయలేదు కదా మేడం!" అని నేను అడ్డుపడ్డాను.

"చివరనున్నవాళ్ళని ఒక్కొక్కర్నే తీసేసి, వాళ్ళ కాగితాల్లో రెండు ఎవరికుంటే వాళ్ళకి కలుపుతామండీ. అదీ పోటీలో మిగిలినవాళ్ళకే."

"జిల్లా అంతా మా బావకి రెండు వేసిందండీ!"

"వేసే ఉంటారండీ. ఆ కాగితాలు తీసేనాటికి ఈయన ఉండాలి కదా."

పెళ్ళి భోజనాల లెక్కలో చెప్పాలంటే, రెండో పంక్తి మొత్తం బావకే అట్టేపెట్టించాను. మొదటి పంక్తి లేవకముందే ఆయన్ని గేటు బయటికి పంపేశారు. మా కళ్ళ ముందే ఆయన కాసిని కాగితాలూ పక్కవాళ్ళ కట్టల్లోకి వెళ్ళిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ కాసిని ఒకట్లూ వినుకొండవే అయి ఉండాలి. స్కూటర్ చెడిపోయి నేను ప్రచారానికి వెళ్ళలేకపోయిన ఊరు అదొక్కటే.

బయటికొచ్చాక బావ నెమ్మదిగా అడిగాడు. "ఒరేయ్, నువ్వు నాకెంత వేశావురా?"

"రెండు, బావా. మనమే మాట తప్పితే ఎలా అని..."

ఆయన నలిగిన చొక్కా సర్దుకున్నాడు. "నేనూ రెండే వేసుకున్నాన్రా."

ఇంటికెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. "ఇంట్లోవాళ్ళం కూడా నాకు ఒకటి వేయలేదే" అన్నాడు అక్కతో.

"నేను వేశాగా" అంది అక్క, మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ.

"నువ్వా? అసలు వద్దన్నదానివి!"

"నిలబడొద్దన్నాను. నిలబడ్డాక మొగుడికి ఒకటి కాక ఇంకేం వేస్తారండీ?"

బావ గ్లాసెడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేశాడు. నేను గోడ క్యాలెండర్లో తిథులు చూస్తూ నిలబడ్డాను.

పాత కాలేజీ ఆయన్ని మళ్ళీ తీసుకోలేదు. ఇప్పుడు మా కోచింగ్ సెంటర్లోనే, నా పక్క గదిలో బోటనీ చెబుతున్నాడు. రోజూ నా స్కూటర్ వెనక సీట్లోనే వస్తాడు. ఇక్కడా వేసవిలో జీతాలుండవు.

కాబట్టి మా అక్క వంటింట్లో ఊరమిరపకాయల జాడీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవర్నీ రెండోది అడగను. ఓటే కాదు, మా అక్క చేతి కాఫీ అయినా సరే. నిజం చెప్పాలంటే, అక్క మొదటిది ఇవ్వడమే మానేసింది.