ఓబులమ్మ భుజం ఫోటో

దయ్యాలన్నా చేతబడులన్నా నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మా వీధిలో ఎవరైనా గాలి సోకిందని నిమ్మకాయలు దిగదుడుస్తుంటే కిటికీ మూసుకునే రకం నేను. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఎవర్నీ నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లో కూర్చుని బంగారం అంగళ్లకూ బట్టల షాపులకూ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. జమ్మలమడుగులో ఆక్యుపంక్చర్ చేసే ఒకాయన తనకూ సైటు కావాలని పిలిపించాడు. ఎరువుల అంగడి పైన రెండు గదులు. మంచం మీద దుప్పటికి ఎవరి తల నూనెదో జిడ్డు మరక. కిటికీ గట్టున ఒక స్టీలు గిన్నె, అందులో వాడిన సూదులు, వాటి మధ్య నానుతున్న దూది. వాడిన సూదులు పారేస్తారా అని అడిగితే నవ్వి గిన్నెను పక్కకు జరిపాడు.

వైద్యం చేసేవాళ్లకు సైటు చేయడం పెద్ద విద్యేం కాదు. వచ్చేవాళ్లకు భయం ఉంటుంది. సూది కొత్తదేనా, నొప్పి పుడుతుందా, చేసేవాడు ఏం చదివాడు, దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు, ఇవన్నీ మొదటి పేజీలోనే చెప్పేయాలి. ఫోన్ బటన్ పెద్దగా కనబడాలి. ఎక్కడి తెల్లతోలు వాళ్లవో ఫోటోలు కాకుండా అక్కడికి వచ్చే మనుషులవే పెట్టాలి. నేను ఇదంతా చెప్తుంటే ఆయన చిటికెన వేలితో చెవి గెలుక్కుని, ఆ వేలిని దుప్పటికే తుడుచుకున్నాడు.

"అవన్నీ ఎందుకు మేడమ్, అన్ని రోగాలూ పోతాయని రాయండి చాలు" అన్నాడు.

ఛీ అనిపించింది. రాయనని చెప్పేశాను.

ఆ రోజు మంచం మీద ఉన్నది ఓబులమ్మ. పులివెందుల దగ్గర పల్లె ఆమెది, చీనీ తోటల్లో బత్తాయి కాయలు కోసే కూలి. కుడి భుజం నొప్పికి వస్తోంది. ఆమెను అడిగి, సూదులు తీసేశాక వీపు వైపు నుంచి ఆ భుజాన్ని నా ఫోన్‌తో ఫోటో తీసి, ఆమె నంబరు రాసుకున్నాను. నొప్పి ఎలా ఉందమ్మా అంటే ఆయనే అందుకుని పూర్తిగా నయమైందన్నాడు. ఆమె కొంగు సర్దుకుంటూ నావైపు చూసింది.

సైటు పెట్టాను. ఓబులమ్మ భుజం ఫోటో పెట్టి, ఒళ్లు నొప్పుల గురించి మాత్రమే రాశాను. తర్వాత ఆయనే ఎప్పుడో సైటు లోపలికి దూరి షుగరు, పక్షవాతం, థైరాయిడ్ అన్నీ పోతాయని, మాత్రలతో పనే లేదని ఎర్రక్షరాలతో రాసుకున్నాడు. ఆ సంగతి నాకు మా అమ్మ వల్ల తెలిసింది.

మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు. కూతురు చేసిన సైటు కదా అని మురిసిపోయి చదువుకుని, మాత్రల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది.

"నువ్వు పెట్టిందే కదా పాపా, నువ్వు అబద్ధం రాస్తావా? సోమవారం జమ్మలమడుగు పోతాండా" అంది.

మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఆమెకు తెలీదా? అది రాసింది నేను కాదని మొత్తుకున్నాను. వినలేదు. చివరికి నా ఫోన్ లాక్కుని ఆ ఫోటో తెరిచి, "ఈయమ్మకు నయం కాలేదా మరి?" అంటూ ఓబులమ్మ భుజం మీద వేలు పెట్టింది.

పెట్టిన వేలు చప్పున వెనక్కి తీసుకుంది. వేలి కొసన రక్తపు చుక్క.

"ఏంది పాపా ఇది, సూదుండాది దీంట్లో" అంది.

రోజూ వేలికి గుచ్చి షుగర్ చూసుకునే మనిషి. సూది పోటు ఎట్లుంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫోన్ అద్దం పగిలిందేమోనని వెలుతుర్లో పట్టి చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. అద్దం మీది రక్తం తుడుద్దామని దూది తీసుకున్నాను. ఫోటోలో భుజం కింద ఒకచోట దూది పోగులు పట్టుకున్నాయి. ఫోటో పక్కకు జరిపి అదే చోట తుడిస్తే నున్నగా జారిపోయింది. మళ్లీ ఫోటో తెస్తే మళ్లీ పట్టుకుంది. పట్టపగలు, అమ్మ చూస్తుండగానే ఇదంతా చేశాను.

నాకేమీ తోచక ఓబులమ్మకు ఫోన్ చేశాను.

"యాడ బాగైందమ్మా? చెయ్యెత్తితే లోపల ఏందో పొడుస్తానే ఉంది. చెప్తే ఆయప్ప ఊరుకోమంటాండాడు" అంది.

ఎక్స్‌రే తీయించుకోమని బతిమాలాను. తీయించుకుని ఆమె కూతురు నాకు పంపింది. ఎముక పక్కన సన్నటి తెల్ల గీత, విరిగిన సూది ముక్క. దూది పట్టుకున్న చోటే.

ఆయనకు ఫోన్ చేసి అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను.

"విరిగిందని తెలుసు మేడమ్. దానంతటదే బయటికొస్తుంది. అయినా మీ ఫోటోలో ఏం కనబడలేదు కదా" అన్నాడు.

తెలిసే ఆ ఫోటో పెట్టించుకున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ గిన్నె, ఆ దూది, దుప్పటికి తుడుచుకున్న ఆ వేలు, అన్నీ కళ్లముందే. సైటు అప్పుడే తీసిపారేశాను. ఓబులమ్మ వాళ్లు ఎక్స్‌రే పట్టుకుని పోయి ఆయన మీద ఫిర్యాదు ఇచ్చారు. ఇప్పుడా గదులకు తాళం.

ఆసుపత్రిలో ఆ ముక్క తీసేశారు. ఓబులమ్మ మళ్లీ తోటలకు పోతోంది. అమ్మ వేలికి గుచ్చుకున్న రోజే నాచేత మాత్రల డబ్బా కిందికి దింపించుకుంది. దయ్యమని నేననను, ఓబులమ్మ నిక్షేపంగా బతికే ఉంది.

ముక్క తీసేశాక ఫోటోలో కూడా పోయిందో లేదో నాకు తెలీదు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. చెరిపేద్దామని చాలాసార్లు తెరిచాను. చెరపాలంటే దాని మీద వేలు పెట్టాలి.