రోడ్డుదొర యాస

ఎవరి గొంతయినా ఒకసారి వింటే చాలు, అచ్చం అలాగే పలికేవాణ్ణి. చిన్నప్పుడు అదొక ఆట. రాజమహేంద్రవరం కాలేజీలో చేరాక నాకు అదే దిక్కయింది.

మాది విజయనగరానికి పైన, కొండల కిందున్న పల్లె. హాస్టల్లో నేను "ఏటి" అన్నానంటే గది గదంతా నవ్వేది. మొదటి ఏడాది దాదాపు నోరు మూసుకునే గడిపాను. తరవాత ఒక ఉపాయం తట్టింది. వాళ్ళు నవ్వేలోపల నేనే నవ్వించడం. మా అమ్మ పెరట్లోంచి నన్ను పిలిచే తీరు, గేదె పాలివ్వకపోతే దానితో తగువాడే తీరు పలికి చూపించేవాణ్ణి. "ఏదీ, మళ్ళీ మీ అమ్మ" అని అడిగి మరీ చేయించుకునేవారు. అలా వాళ్ళలో కలిశాను.

ఒక వేసవిలో ఇద్దరు స్నేహితులు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని వాళ్ళు అడిగితే ఆ వేషం మొదలుపెట్టాను. మధ్యలో తలెత్తి చూస్తే అమ్మ మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళున్న నాలుగు రోజులూ మళ్ళీ మా ఎదుట నోరు విప్పలేదు. కొత్తవాళ్ళని సిగ్గుపడుతోంది అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన పాదిరీ లండను వైపు మనిషి. ఆయన మాట మెత్తగా, పెదవుల చివర నుంచి జారినట్టు ఉండేది. ఇంగ్లీషంటే అదే, మిగతాదంతా అపభ్రంశం అని నా తీర్మానం. ఆ పలుకు పట్టేశాను. నా తెలుగుని కూడా గోదావరి నీళ్ళతో కడిగినట్టు కడుక్కున్నాను.

జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వైపు సాగుతున్న ఘాటీ రోడ్డు పనిలో గుమాస్తాగా చేరాను. అక్కడ మా పైఅధికారి ఒక తెల్లవాడు. కూలీలు ఆయన్ని రోడ్డుదొర అనేవారు. నేను దస్తరం చూడటమే కాక, పొద్దున్నపూట ఆయనకి తెలుగు చెప్పాలి.

మొదటిరోజు ఆయన మాట్లాడితే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హౌసుని "హూస్" అన్నాడు. రోడ్డు అనేటప్పుడు మొదటి అక్షరం నాలుక మీద గిర్రున తిరిగింది. గొంతు లోపల ఏదో గీసుకుపోతున్నట్టు కొన్ని మాటలు. స్కాట్లాండు అట. తండ్రి రాతిగనిలో పనివాడు, తాను పట్టాళంలో రోడ్లు వేసి పైకొచ్చాడు.

బంగళాలో వంట చూసే మదరాసు బట్లరు నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అన్నాడు. "ఏమి సార్, మీకు పాపము, ఈయన దగ్గిర వేసినారే. ఇది దొరల ఇంగ్లీషు కాదు సార్. మదరాసులో సోల్జర్లు మాట్లాడేది."

ఆ మాటతో నా మనసులో ఆయన స్థానం ఒక మెట్టు దిగింది. ఆయన ఏం చేశాడని కాదు, ఎలా పలికాడని. నన్ను చూసి హాస్టల్ ఏం చేసిందో ఆయన్ని చూసి నేను అదే చేశాను. మనసులోనే చేశాను కనక తప్పు కాదనుకున్నాను.

తెలుగు పాఠాలు నాకు ఇంకా బాధ. నేను పుస్తకాల తెలుగు చెబుతుంటే ఆయన తలూపేవాడు. పనిలోకి వెళ్ళగానే కూలీల దగ్గర నేర్చుకున్నదే మాట్లాడేవాడు. "బేగి రండర్రా, వానొచ్చెస్తంది" అని కేకేసేవాడు. మధ్యలో కొండవాళ్ళ మాటలు రెండు కలిపేవాడు. నేను ఎంతో కష్టపడి వదిలించుకున్న తెలుగు ఒక తెల్లవాడి నోట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడేది.

"అలా అనకూడదు సార్. మర్యాదస్తులు అలా మాట్లాడరు" అని దిద్దేవాణ్ణి.

"మర్యాదస్తులెవరూ నా రోడ్డు వెయ్యడం లేదు, మున్షీ" అనేవాడు నవ్వుతూ.

పెద్ద బండరాయి దొర్లించాలంటే అక్కడ ఒక పద్ధతి ఉండేది. గునపాలు రాతి కింద పెట్టి అందరూ సిద్ధంగా నిలబడతారు. ఒకడు కేక ఎత్తుకుంటాడు. మిగతావాళ్ళు జవాబిస్తూ ఒక్క ఊపున ఎత్తుతారు. ఆ కేక అందరికీ ఇవ్వరు. కేక ఒక్క క్షణం తడబడితే రాయి వెనక్కొచ్చి కాళ్ళ మీద పడుతుంది. అందుకని ఎవరి గొంతుని నమ్ముతారో వాడికే ఇస్తారు. అంతకుముందు అది మేస్త్రీది. శృంగవరపుకోట వైపు మనిషి, వయసు మళ్ళినవాడు. రోడ్డుదొర వచ్చిన రెండో చలికాలానికి మేస్త్రీయే తన కేక ఆయనకి అప్పగించాడు. ఆ గిర్రున తిరిగే గొంతు లోయంతా మోగేది.

"ఆ దొర కేకేత్తే రాయికే సిగ్గేసి కదుల్తాది బాబూ" అనేవాడు మేస్త్రీ నాతో. ఇంకోసారి అడిగాడు. "దొరల్లో కూడా కొండోలుంటారేటి? ఆల్ల ఊరు కూడా కొండలేనంట. మిమ్మల్ని సూసి నవ్వినట్టే నన్ను సూసీ కిందోలు నవ్వుతారు అన్నాడు."

ఆయన ఉద్యోగం ఖాయం కాలేదు. తాత్కాలికం. ఖాయమైతేనే పెళ్ళాన్నీ కూతుర్నీ ఇక్కడికి తెచ్చుకోవడానికి అనుమతి. కూతురు పుట్టాక ఆయన కొద్ది వారాలే చూశాడట. బంగళా వెనక పనస చెట్టు కొమ్మకి ఒక చిన్న ఉయ్యాలబల్ల కట్టించాడు. దాన్ని చూసినప్పుడల్లా కూలి ఆడవాళ్ళు "గుంటెప్పుడొస్తాది దొరా?" అని అడిగేవారు. "పెద్దదొర ఒచ్చి ఊఁ అంటే ఒచ్చెస్తాది" అనేవాడు.

ఆ చలికాలంలో పెద్దదొర విశాఖపట్నం నుంచి తనిఖీకి వచ్చాడు, భార్యతో సహా. లండను వైపువాడు. మా పాదిరీ పలుకే. ఆయన నోటి వెంట రెండు వాక్యాలు వినేసరికి నాకు సొంత ఇంటికి వచ్చినట్టు అనిపించింది. నేను జవాబు చెప్పగానే ఆయన కనుబొమలెత్తి భార్య వైపు చూశాడు. "ఈ అడవిలో ఇంత చక్కటి ఇంగ్లీషు వింటాననుకోలేదు" అన్నాడు. ఆ పొగడ్త ఇప్పటికీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఆ సంగతే నాకు సిగ్గు.

మర్నాడు మధ్యాహ్నం రోడ్డుదొర, పైమలుపులో కొండచరియ జారిందని, మనుషుల్ని తీసుకుని వెళ్ళాడు. పెద్దదొరా, దొరసానీ వరండాలో టీ తాగుతున్నారు. కాగితాలు సంతకానికి తెచ్చి నేను పక్కన నిలబడ్డాను.

"మున్షీ, నీకు గొంతులు పలకడం వచ్చటగా. బట్లరు చెప్పాడు. మన మిత్రుడు కూడా నీ దగ్గర ఉన్నాడా?" అన్నాడు పెద్దదొర.

"పాపం, వద్దులెండి" అంది దొరసాని, నవ్వు దాచుకుంటూ.

వద్దు అని నేను అనొచ్చు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నేను కాగితాలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ నడుము మీద వేసుకుని, ఆయన నిలబడేట్టు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాను. కొండచరియ జారిన సంగతి ఆయన పెద్దదొరకి ఎలా చెబుతాడో అలా చెప్పాను. రోడ్డు అన్నప్పుడు నాలుక గిర్రున తిప్పాను. తరవాత ఆయన కూలీల మీద వేసే తెలుగు కేకలు. పెద్దదొర టీకప్పు కింద పెట్టేశాడు. దొరసాని చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంది. హాస్టల్ గది గుర్తొచ్చింది నాకు. "మళ్ళీ మీ అమ్మ" అన్న గొంతులు గుర్తొచ్చాయి. ఆ వేడి చాలా ఏళ్ళకి మళ్ళీ తగిలింది. ఆపలేకపోయాను.

నేను ఆపినప్పుడు రోడ్డుదొర మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మోకాళ్ళదాకా ఎర్రమట్టి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. వరండాలో నవ్వు ఆగిపోయింది. ఆయన టోపీ తీసి, పెద్దదొర వైపే చూస్తూ, చెప్పవలసింది చెప్పాడు. రోడ్డు మీద మట్టి తీసేశామని, రేపటికి బళ్ళు నడుస్తాయని.

రోడ్డు అన్న మాట ఆయన నోట్లోంచి అచ్చం నేను పలికినట్టే వచ్చింది. దొరసాని ఫక్కున నవ్వింది. ఆపుకోవాలని చూసింది, చేతకాలేదు. పెద్దదొర కూడా నవ్వాడు.

ఆయన ఎన్నేళ్ళ నుంచో మాట్లాడుతున్న మాట అది. నా తరవాత మాట్లాడటం వల్ల అది వేషమైపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎక్స్క్యూజ్ మీ" అని లోపలికి వెళ్ళాడు.

అంతటితో అయిపోతే, అది దురుసు అని మాత్రమే అనేవాణ్ణి. అంతటితో అయిపోలేదు. కొంతసేపటికి పెద్దదొర తోటలో పచార్లు చేస్తూ నన్ను పిలిచాడు. ఇప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. పనసచెట్టు దగ్గర ఆగి, ఉయ్యాలబల్లని చేత్తో ఒకసారి ఊపి అన్నాడు.

"పని బాగానే చేస్తున్నాడు. ఇతన్ని ఖాయం చేస్తే ఈ కొండల్లో సర్కారు అంటే ఇతనే. ఇతన్ని చూస్తే మాకు నవ్వొస్తుంది, సరే. మీవాళ్ళకి ఎలా ఉంటాడు? నీకు తెలుస్తుంది. నిజం చెప్పు."

నిజం నాకు తెలుసు. కేక ఎవరిదో తెలుసు. ఆ గొంతు వింటే నలభై మంది ఒక్క మనిషిలా నడుం వంచడం నేను రోజూ చూస్తున్నాను. ఆ సంగతి ఒక్కటి చెబితే చాలు. కానీ చెబితే, ఇందాకటి వేషం అబద్ధమవుతుంది. ఆ వరండాలో నాకు దొరికిన చోటు పోతుంది. దానికి తోడు, ఆయన నోట్లో మా అమ్మ తెలుగు వినడం నాకు ఇష్టం లేదు. అన్నీ కలిసి నా నోట్లోంచి జవాబు వచ్చింది, పాదిరీ పలుకులో, ఎంతో మర్యాదగా.

"వాళ్ళు కూడా నవ్వుతారు సార్. చాటుగా."

పెద్దదొర తల పంకించాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వేసవికి ముందే కబురొచ్చింది. ఖాయం చెయ్యలేదు. వేరే దొర వస్తున్నాడు. కూలి ఆడవాళ్ళు గుంట రాదని తెలిసి ఉయ్యాలబల్ల దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఎవరో దాని మీద అడవి మల్లెలు పెట్టారు.

రోడ్డుదొర నన్ను ఒక్క మాట అనలేదు. పాఠాలు మానేశాడు. వరండా రోజు నుంచి నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గిర్రున తిరిగే అక్షరాన్ని అణిచేవాడు. హౌసుని హౌసే అనేవాడు. పెద్దదొరలా పెదవుల చివర నుంచి పలకాలని చూసేవాడు. పొసగేది కాదు. ప్రతి మాట ముందూ క్షణం ఆగేవాడు, చెప్పులు లేని మనిషి ముళ్ళు చూసుకుంటూ నడిచినట్టు. ఆ నడక నాకు తెలుసు. హాస్టల్లో మొదటి ఏడాది నాది అదే.

వెళ్ళే రోజు పొద్దున్న సామాను కావిళ్ళకెక్కించారు. మేస్త్రీతోనూ కూలీలతోనూ ఎప్పటిలాగే మాట్లాడాడు.

"మల్లీ ఎప్పుడొత్తావు దొరా?" అన్నాడు మేస్త్రీ.

"ఒత్తాన్లే. నీ కేక నువ్వు తీసేసుకో."

"నా గొంతు పోనాది కద. రాల్లు నా మాట యినవు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "తెలుగు నేర్పినందుకు థాంక్స్" అన్నాడు, ఆ తెచ్చిపెట్టుకున్న ఇంగ్లీషులో. పనసచెట్టు కింద నేను ఏం చెప్పానో ఆయనకి తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. "ప్రయాణం సుఖంగా సాగాలి సార్" అన్నాను.

కొత్త దొర పలుకు ఎంతో నాజూకు. కేక మాత్రం తిరిగి మేస్త్రీకే వచ్చింది. పని మెల్లగా సాగింది. ఒకరోజు రాయి దొర్లించి అలిసి కూర్చుని మేస్త్రీ అన్నాడు. "ఈ దొర బాగా మాటాడతాడంట కద బాబూ. నువ్వు సెప్తే నమ్ముతాను. మాకేటి తెలుస్తాది." ఎకసెక్కమా, నిజంగా అన్నాడా నాకు తెలియలేదు. దస్తరంలోకి వెళ్ళిపోయాను.

ఆ వేసవిలో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. అమ్మ పెరట్లో చింతపండు గింజ తీస్తోంది. దారి పొడుగునా ఒక్కటే అనుకున్నాను. ఆవిడతో ఆవిడ తెలుగులోనే మాట్లాడాలి. అది నాది కూడా.

పక్కన కూర్చుని, "ఏటమ్మా సేత్తన్నావు? ఎలగున్నావు?" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. నా వెనక్కి, గుమ్మం వైపు చూసింది, ఇంకెవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరు. మళ్ళీ నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. చాలా ఏళ్ళుగా అలిసిపోయినట్టు.

"ఎవులూ నేరు కదా నాయినా, ఇప్పుడెందుకు" అంది. "నువ్వు మామూలుగానే మాటాడు."

నేను కూడా చింతపండు చేతిలోకి తీసుకుని గింజ తియ్యసాగాను.