ఓబులేసు పట్టుకున్న మోకు

1955 జూన్‌లో కడపలోని ఒక కళాశాలలో తత్వశాస్త్ర లెక్చరరుగా చేరాను. హోదాలో అట్టడుగు మెట్టే అయినా పరిశోధన మీద మోజు మాత్రం ఆకాశాన్నంటేది. నా అంశం కర్తృత్వం. అంటే మనిషి ఏ పనిని ‘ఇది నేను చేశాను’ అని ఒప్పుకుంటాడు, ఎందుకు ఒప్పుకుంటాడు అన్నది. పుస్తకాల్లోని ఉదాహరణలు చాలక, ప్రశ్నల పట్టిక రాసుకుని సెలవు రోజుల్లో కమలాపురం చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాణ్ణి. ప్రతి సంఘటనకూ మూడు గడులు: ఉద్దేశం ఉందా, అజాగ్రత్త ఉందా, తప్పు ఉందా. మొదటి రెండూ ‘లేదు’ అయితే మూడోదీ ‘లేదు’.

మరుసటి ఏడు తొలి వానలప్పుడు ఓబులేసు దొరికాడు. పదేళ్ల కిందట అతని స్నేహితుడు సుబ్బన్న పూడిక తీయడానికి బావిలోకి దిగుతుంటే పైన మోకు పట్టుకున్నది ఇతనే. మోకు తెగింది. సుబ్బన్న కాలు విరిగి వంకరగా అతుక్కుంది. మళ్లీ మడక పట్టి దున్నలేకపోయాడు. అప్పటినుంచి ఏటా ఓబులేసు ముందు సుబ్బన్న చేను దున్ని, తర్వాతే తన చేనుకు పోయేవాడు.

సుబ్బన్న ఇంటి అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాను. ఓబులేసు ఆ రోజు మోకును ముందే లాగి చూశాడు. లోపల కుళ్లిన నార ఎవరికీ కనబడేది కాదు. గడులు నింపి, మంచి మాటే చెబుతున్నాననుకుని తీర్పు చదివాను: ఓబులేసు తప్పు ఇసుమంతైనా లేదు.

సుబ్బన్న మొహం వాడిపోయింది. “సారు చెప్పింది నిజమే ఓబులేసూ. తప్పు లేనోనితో ఇన్నేండ్లు ఊరికే సేద్యం చేయించుకుంటి. ఇంగ మా చేన్లోకి రావద్దప్పా, నాకు మొగం చెల్లదు” అన్నాడు.

వాన పడి రెండు రోజులే అయింది. నేల పదును ఆరిపోతే ఆ చేను ఆ ఏటికి బీడే. ఇది నేను చేసిన నిర్వాకం.

ఓబులేసు నా వైపు తిరిగాడు. అతనికి కోపం రాకపోవడం నాకు మరీ కష్టంగా ఉండింది. “తప్పు లేదంటాండారు, సరే సారూ. ఆ పొద్దు మోకు పట్టుకున్న చేతులు నావే గదా? వానికి నేను గాక ఇంకెవరు దున్నల్ల?”

కాగితం మడిచి ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను. తప్పెవరిదో నా పట్టిక చెప్పగలదు గానీ, ఎవరి చేను ఎవరు దున్నాలో చెప్పజాలదన్నాను. సుబ్బన్న, “ఐతే ఎద్దులకు మేత మాదే. అట్లయితేనే రా” అన్నాడు. ఓబులేసు ఎద్దుల కోసం లేచి వెళ్లాడు. ఆ ఇద్దరిమీదా నాకు అప్పుడు పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

నా సిద్ధాంత వ్యాసం రెండేళ్లు ఆలస్యమైంది. తప్పు లేనివాడికీ బాధ్యత ఉండవచ్చని, అతను కోరనిదే దాన్ని ఇంకొకరు తీసేయకూడదని అందులో రాశాను. ఆధారమేమిటని పర్యవేక్షకులు అడిగారు. పదును ఆరకముందే దున్నిన ఒక చేను చూశానని చెప్పాను.